మంచినీళ్ళలాంటి చారు

మిరపకాయ మన సొంతమని గుంటూరువాళ్ళకి ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే నేనూ అరవై ఎనిమిదేళ్ళు బతికాను. 2019 అక్టోబరులో చైనా దేశం వెళ్ళి, చెంగ్డూ అనే మహాపట్నంలో ఒక ఖరీదైన హోటల్లో భోజనానికి కూచున్న రాత్రి ఆ నమ్మకం కాస్త సడలింది. ఆ రాత్రి సడలినవి ఇంకా ఉన్నాయి. మిరపకాయ సంగతి ముందు చెప్పి, అసలు సంగతి తరవాత చెబుతాను.

మా పెద్దవాడు అప్పట్లో ఆ ఊళ్ళో ఒక కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం చేస్తుండేవాడు. "అమ్మా, మీరిద్దరూ ఒక్క నెల వచ్చి ఉండి వెళ్ళండి" అని మూడేళ్ళ నుంచి పోరుతున్నాడు. మా ఆవిడకి ప్రయాణమంటే సరదా. నాకు భోజనమంటే భయం. మాది మాంసం గడప తొక్కని ఇల్లు. మా నాయనమ్మ కాలంలో ఉల్లిపాయకి కూడా పెరటి గుమ్మం దాకానే ప్రవేశం. అటువంటి వంశంలో పుట్టినవాణ్ణి చైనా వెళ్ళి ఏం తినను? విన్నవీ విననివీ కలిపి వీధిలోవాళ్ళు నన్ను మరింత హడలగొట్టారు.

"మనవాడి ఇంట్లో మనం వండుకు తింటాం. మీరు విమానమెక్కండి చాలు" అని మా ఆవిడ కందిపప్పూ, ఇంగువా, కారప్పొడీ సర్ది నన్ను బయలుదేరదీసింది.

వెళ్ళి చూస్తే మావాడు మాకోసం కొత్త గిన్నెలు, కొత్త బాండీ, కొత్త కంచాలు కొని విడిగా ఒక బీరువాలో పెట్టి ఉంచాడు. తన గిన్నెల్ని మా కంటబడకుండా ఎక్కడో దాచాడు. నేను భోంచేసి లేచాక తను కూచునేవాడు. "నాన్నగారిది కానీయమ్మా, నేను తరవాత తింటాను" అనేవాడు. అది మాకు కొత్త కాదు. పాతికేళ్ళుగా మా ఇంట్లో జరుగుతున్నదే. అందుకని నేనూ పట్టించుకోలేదు.

పది రోజులయ్యాక మావాడి పై అధికారి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. అరవైకి చేరువైన పెద్దమనిషి. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. ఉద్యోగి తలిదండ్రులు అంత దూరం నుంచి వస్తే ఒకపూట భోజనం పెట్టకపోవడం ఆయనకి పరువు తక్కువట. వద్దంటే మావాడికి బాగుండదు. వెళితే నాకు బాగుండదు.

"మాంసం ముక్క ఒక్కటి కూడా ఉండకూడదని చెప్పాను నాన్నగారూ. అన్నీ కూరగాయలతోనే చేయిస్తామన్నారు" అన్నాడు మావాడు. సరే అన్నాను.

ఆ హోటలు బయటికి హోటల్లాగే లేదు. పాతకాలపు మండువా లోగిలిలా ఉంది. నడిమి వాకిట్లో చిన్న పూలచెట్టు, దాని కింద ఘుమఘుమ. మమ్మల్ని ఒక ప్రత్యేకమైన గదిలోకి తీసుకుపోయారు. గుండ్రటి బల్ల. దానిమీద తిరగలి రాయిలా తిరిగే గాజుపలక. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ విందు ఇచ్చేవారిదట. ఆయన కుడిపక్క కుర్చీ ముఖ్య అతిథిది. అందులో నన్ను కూచోబెట్టారు. జీవితమంతా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన వాణ్ణి. అంత మర్యాద నాకు పదవీ విరమణ సభలో కూడా జరగలేదు.

ముందు మూతకప్పుల్లో టీ ఇచ్చారు. పాలూ లేవు, పంచదారా లేదు. అడుగున సాసరు, మీద మూత. ఆ మూతతోనే ఆకుల్ని పక్కకి నెట్టి తాగాలి. మా ఆవిడ ఒక గుక్క తాగి, "కషాయం అనుకుంటే బాగానే ఉంది" అంది.

తరవాత తొమ్మిది చిన్న చిన్న గిన్నెల్లో చల్లటి పదార్థాలు వచ్చాయి. వెల్లుల్లి వేసిన దోసకాయ, వేయించిన వేరుసెనగ గుళ్ళు, అక్రోటు పప్పు, ఏవో కాడలు, ఏవో ఆకులు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రుచి. తీపి, పులుపు, ఉప్పు, కారం అన్నీ కలిసిన ఒకదానికి వాళ్ళు పెట్టుకున్న పేరే "వింత రుచి". చైనా వంట అంటే ఒక్కటి కాదనీ, ఎనిమిది పెద్ద సంప్రదాయాలు లెక్కపెడతారనీ, వాటిలో సిచువాన్ రాష్ట్రానిది ఒకటనీ పెద్దాయన చెబుతుంటే మావాడు తెలుగులో చెబుతున్నాడు. ఆ రాష్ట్రానికి చెంగ్డూ రాజధాని. 2010లో యునెస్కోవారు ఆసియా మొత్తం మీద మొట్టమొదట ఈ పట్నానికే భోజన కళల నగరమని బిరుదిచ్చారు. మన ఊళ్ళో బండిమీద "షెజ్వాన్" అని ఎర్రగా రాసి అమ్మేది ఈ రాష్ట్రం పేరే. దానికీ దీనికీ ఉన్న సంబంధం ఆ పేరు ఒక్కటే.

పుల్లలతో తినడం గురించి ఎక్కువ చెప్పను. ఒక వేరుసెనగ గుండు కోసం నేను పడిన పాట్లు చూసి, వడ్డించే అమ్మాయి నవ్వాపుకుంటూ చెమ్చా తెచ్చి పెట్టింది.

అప్పుడు వచ్చింది మిరపకాయ. పెద్ద పళ్ళెం నిండా ఎండుమిరపకాయల గుట్ట. ఆ గుట్టలో వెతుక్కుంటే వేయించిన తామరదుంప ముక్కలు. మా ఆవిడ నిర్ఘాంతపోయింది.

"ఇన్ని మిరపకాయలు తింటారా?"

"తినరమ్మా. వాసన కోసం వేస్తారు. ముక్కలు ఏరుకుని మిరపకాయలు వదిలేస్తారు."

"వదిలేస్తారా! మన యార్డులోవాళ్ళు చూస్తే గుండాగి చచ్చిపోతారు" అంది.

మావాడు నవ్వి ఆ మాట పెద్దాయనకి చెప్పాడు. ఆయన కూడా నవ్వి, మిరపకాయ మొదట అమెరికా నుంచి ఓడల్లో వచ్చినదే కదా, మీకు ముందా మాకు ముందా అని అడిగాడు. నేను పాఠం చెప్పిన రోజులు గుర్తొచ్చి హుషారయ్యాను. మనకి పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో తెచ్చిపెట్టారు. చైనావారి పుస్తకాల్లో 1591లో దాని ప్రస్తావన కనిపిస్తుంది. సిచువాన్ వంటింట్లో బాగా కుదురుకున్నది ఇంకా చాలా తరవాత. అంటే ఇద్దరమూ పరాయిపిల్లని తెచ్చుకుని సొంతబిడ్డ అని చెప్పుకుంటున్నవాళ్ళమే. పైగా మన గుంటూరు, ఖమ్మం వైపు పండే తేజ రకం మిరపకాయలకి పెద్ద గిరాకీ చైనా నుంచే. మేము అంత దూరం వెళ్ళి తిన్నది మా ఊరి మిరపకాయే అయినా ఆశ్చర్యం లేదు.

అయితే కారం కాక ఇంకొకటి ఉంది. ఒక ముక్క నమిలేసరికి పెదవులు చిటపటలాడి, నాలిక తిమ్మిరెక్కి, దంతవైద్యుడి కుర్చీలో కూచున్నట్టయింది. మిరియమంత ఎర్రటి కాయ, పైన గరుకు తొక్క. గింజ పారేసి తొక్కే వాడతారు. "మా" అంటే తిమ్మిరి, "లా" అంటే కారం. రెండూ కలిసిన "మాలా" రుచే ఈ రాష్ట్రపు ముద్ర. 2013లో లండనులో కొందరు శాస్త్రజ్ఞులు ఈ తిమ్మిరిని కొలిచి చూస్తే, సెకనుకి యాభైసార్లు అదిరే వస్తువు పెదవికి తగిలినట్టు ఉంటుందని తేలింది.

ఆ కాయని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. నారింజ తొక్క వాసన. నాకు ప్రాణం లేచివచ్చింది. అది నిమ్మ, నారింజ, మారేడు, మన కరివేపాకు కుటుంబంలోదే! దాని దగ్గరి చుట్టం మన కొండల్లోనూ ఉంది. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మన చెట్టూ చేమా పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దొరగారు దానికి తెలుగువాళ్ళ నోట విన్న "రచ్చమాను" అనే పేరునే శాస్త్రనామంలో పెట్టారు. ఆ చెట్టు నీడన కొండవాళ్ళు రచ్చ తీర్చి కూచుని తగవులు పరిష్కరించుకునేవారట. కొంకణం వైపు ఆ జాతి కాయల్ని ఇప్పటికీ వంటల్లో వాడతారు. ఇదంతా నేను చెబుతుంటే పెద్దాయన పుల్లలు కిందపెట్టి విన్నాడు. మావాడు తర్జుమా చేస్తూ మధ్యలో ఒకసారి నావైపు చూసి, "ఇది నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నగారూ?" అన్నాడు.

చెప్పడానికి ఒకే పంక్తిలో ఎప్పుడు కూచున్నాం కనక?

తరవాత వంకాయ వచ్చింది. "చేపల పరిమళపు వంకాయ" అని పేరు విని నేను పళ్ళెం అవతలికి తిప్పబోయాను. అందులో చేప అనేది లేదట. చేపల కూరలో వేసే అల్లం, వెల్లుల్లి, ఊరేసిన మిరపకాయలతో చేస్తారు గనక ఆ పేరు. ఆ తరవాత మాపో దోఫు. 1862 ప్రాంతంలో ఈ ఊళ్ళోనే, ముఖాన స్ఫోటకపు మచ్చలున్న ఒక పూటకూళ్ళమ్మ చేసిన సోయాగడ్డ కూరట. ఆవిడ మచ్చల పేరే కూరకి నిలిచిపోయింది. మామూలుగా అందులో మాంసం తురుము వేస్తారు, మాకోసం మానేశారు. దానికి రంగూ రుచీ ఇచ్చేది పెద్దచిక్కుడు గింజలూ మిరపకాయలూ కలిపి జాడీల్లో ఊరవేసిన ముద్ద. ఎండకాసిన రోజు జాడీల మూత తీసి కలియబెడతారు, వాన వస్తే మూసేస్తారు. ఇలా ఏళ్ళ తరబడి ముగ్గబెడతారు. "మన మాగాయ చాకిరీలాంటిదే" అని మా ఆవిడ సంతోషించింది.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. అప్పుడు ఆఖరు వంటకమని, పెద్దాయన స్వయంగా నా ముందు ఒక తెల్లటి పింగాణీ గిన్నె పెట్టించాడు. గిన్నె మధ్య లేత క్యాబేజీ మొవ్వ, తామరమొగ్గలా ముడుచుకుని ఉంది. వడ్డించే అమ్మాయి టీ కూజాలాంటి దానిలోంచి సన్నటి ధారగా వేడినీళ్ళు పోసింది. పోస్తూ ఉంటే మొగ్గ రేకురేకుగా విచ్చుకుంది. ఆ నీళ్ళలో చుక్క నూనె లేదు, కారం లేదు, రంగు లేదు. ఈ వంటకం పేరే "మరిగిన నీళ్ళలో క్యాబేజీ" అట. నాకు కళ్ళు చల్లబడ్డాయి. ఈ మిరపకాయల సంతలో ఇన్నాళ్ళకి నాకు తగిన సాత్త్వికాహారం దొరికిందనుకున్నాను. చెమ్చా ముంచాను.

ఆ అమ్మాయి ఏదో చెబుతోంది. వాళ్ళ వంట గురించి గొప్పగా చెబుతోందని గొంతులోనే తెలుస్తోంది. వింటున్న మావాడి ముఖం మారిపోయింది.

"నాన్నగారూ, ఆగండి."

చెమ్చా పెదవి దగ్గర ఉంది.

"అది తాగకండి. అది నీళ్ళు కాదు. ముసలి కోడిపెట్ట, బాతు, ఎండబెట్టిన పందిమాంసం గంటల తరబడి కాచి దించిన రసం. దానిలో మెత్తగా నూరిన కోడిమాంసం వేసి తీస్తారట. మడ్డి అంతా ఆ ముద్దకి పట్టి పైకి నీళ్ళలా తేరుతుంది. ముక్కలుండకూడదనే నేను చెప్పాను. రసం సంగతి చెప్పాలని నాకు తోచలేదు. తప్పు నాది."

బల్ల చుట్టూ నిశ్శబ్దం. పెద్దాయనకి తెలుగు రాదు గాని, ఏదో పొరపాటు జరిగిందని గ్రహించి తెల్లబోయాడు. అది ఆ హోటల్లో అన్నిటికన్న కష్టమైన వంటకమట. ఎన్నో గంటల పని నీళ్ళలా కనిపించడమే అందులోని గొప్పట. గౌరవం కోసం ప్రత్యేకంగా నాకు చేయించాడు.

నేను మాత్రం వంటకాన్ని చూడటం లేదు. మావాడి ముఖం చూస్తున్నాను. ఆ ముఖం నేను ఇదివరకు ఒకసారి చూశాను.

1994లో వాడు ఎనిమిదో తరగతి. స్నేహితుడి పుట్టినరోజుకి వెళ్ళివచ్చి, రాత్రి అన్నం దగ్గర, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "నాన్నగారూ, ఇవాళ వాళ్ళింట్లో కోడిమాంసం తిన్నాను. ముందు తెలీదు. తెలిశాక కూడా తిన్నాను. బాగుంది." నేను వాణ్ణి కంచం ముందునుంచి లేపేశాను. నెల్లాళ్ళు వెనక వసారాలో వేరే కంచం పెట్టించాను. మా అమ్మ బతికి ఉంది గనక ఆవిడ ఆచారం కోసం అలా చేశానని తరవాత నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నిజానికి మూడో రోజునే మా అమ్మ, "పసివాడురా, లోపలికి రానీ" అంది. నేనే రానివ్వలేదు.

అబద్ధమాడి ఉంటే వాడికి ఆ నెల తప్పేది. పదమూడేళ్ళవాడికి ఆ లెక్క తెలియదా? ఆ తరవాత వాడు నాకు అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. ఎక్కడ ఏం తిన్నాడో, ఎవరితో తిన్నాడో, ఏమీ చెప్పలేదు. నా భోజనం అయ్యాక వచ్చి కూచునేవాడు.

ఈ రాత్రి వాడు మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. నేను తాగేవాణ్ణి, మెచ్చుకునేవాణ్ణి, పెద్దాయన సంతోషించేవాడు, ఎవరికీ తెలిసేది కాదు. పై అధికారి ముందు మాట పడకుండా పోయేది.

నేను చెమ్చా దించి, ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని మావాడి ముందు పెట్టాను.

"ఆయనతో చెప్పు. మాది ఇంటి నియమం, ఆయన తప్పేమీ లేదని చెప్పు. తండ్రి చెయ్యలేనిది పెద్దకొడుకు చెయ్యడం మా దేశంలో ఉన్న పద్ధతే అని కూడా చెప్పు. నా బదులు నువ్వు తాగు."

మావాడు కదల్లేదు. "ఇక్కడా? మీ పక్కనా?" అన్నాడు.

"చల్లారిపోతుంది. తాగు" అన్నాను.

తాగాడు. తల వంచుకుని, నెమ్మదిగా, ఆఖరు చుక్కదాకా. ఆకు కూడా తిన్నాడు. మా ఆవిడ పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆ మిరపకాయల ఘాటు" అంది.

"బాగుందా?" అని అడిగాను.

"చాలా బాగుంది నాన్నగారూ" అన్నాడు.

విషయం తెలిసి పెద్దాయన లేచి నిలబడి క్షమాపణ చెప్పుకున్నాడు. తరవాత కూచుని, వాళ్ళ నాయనమ్మ చాంద్రమాసంలో మొదటి రోజూ, పదిహేనో రోజూ మాంసం ముట్టేది కాదనీ, ఆ రెండు రోజులకీ ఆవిడ బాండీ వేరే ఉండేదనీ, చిన్నప్పుడు తను ఆ బాండీ ముట్టుకుని దెబ్బలు తిన్నాననీ చెప్పాడు. మా నాయనమ్మ ఉల్లిపాయ సంగతి నేను చెప్పాను. ఇద్దరు ముసలమ్మలూ కలిసి ఉంటే బాగా పొసిగేదని తేల్చుకున్నాం.

ఆయన వంటవాణ్ణి పిలిచి ఏదో చెప్పాడు. కాసేపటికి వేడి అన్నం వచ్చింది. వాళ్ళ విందుల్లో అన్నం చివరికి గాని రాదు. దానితోపాటు ఒక గిన్నెలో తెల్లగా, గడ్డగా, కదిలితే వణుకుతూ ఒక పదార్థం.

"పెరుగు!" అంది మా ఆవిడ, పదిరోజుల కరువు తీరినట్టు.

పెరుగు కాదు, అప్పుడే తోడుకున్న మెత్తటి సోయాగడ్డ. అయినా అన్నంలో కలుపుకుని, మేము తెచ్చుకున్న కారప్పొడి కాస్త చల్లుకుని తిన్నాం. పెద్దాయన కూడా చిటికెడు వేసుకుని, నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. గుంటూరు పరువు నిలిచింది.

మరునాడు మావాడు మమ్మల్ని వెన్షు మఠానికి తీసుకువెళ్ళాడు. వెన్షు అంటే మన మంజుశ్రీ బోధిసత్త్వుడే. అక్కడి భోజనశాలలో అంతా శాకాహారం. తీరా చూస్తే కోడికూరలా ఒకటి, చేపలా ఒకటి, మాంసంలా ఒకటి తెచ్చిపెట్టారు. అన్నీ సోయాతోనూ పిండితోనూ చేసినవేనట. నిన్న ఆకుకూరలా కనబడ్డది కోడి, ఇవాళ కోడిలా కనబడ్డది ఆకుకూర. ఆ బల్ల దగ్గర మేం ముగ్గురం కలిసి కూచున్నాం. ఎవరూ "తరవాత తింటాను" అనలేదు.

ఇప్పుడు మావాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పండగలకి వస్తాడు. మా ఇంటి నియమాలు మారలేదు, మా వంటింట్లోకి మాంసం రాలేదు. వాడి కంచం మాత్రం నా పక్కకి వచ్చింది.

మొన్న వచ్చినప్పుడు అన్నం కలుపుకుంటూ, నేను అడక్కుండానే, "పోయిన ఆదివారం స్నేహితులతో బిరియానీ తిన్నాను నాన్నగారూ. బాగుంది" అన్నాడు.

"అలాగా. పప్పు వేసుకో" అన్నాను.